విచారణ ఎవరి నిమిత్తము?

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయము 25వ వచనములో మాంసము కొనుటను గూర్చిన ఒక చిన్న ఉపదేశము కలదు. అంగడిలో మాంసము కొను విశ్వాసి, అది ఏ గుడినుండి వచ్చినదో, ఏ విగ్రహము నెదుట వధింపబడినదో అని ఆరా తీయనక్కరలేదనియు, నిశ్చింతగా తెచ్చుకొని తినవచ్చుననియు దాని భావము. సమస్త సృష్టియు ప్రభువు సొత్తే గనుక అంగడిలోని మాంసమునకు విశ్వాసి భయపడనేల?

ఈనాడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో అనేక కుటుంబములు, వాటిలో క్రైస్తవ కుటుంబములును, దీనికి సరిగా ఎదురు దారిని నడచుచున్నవి. వారు గొడ్డుమాంసమునకై అంగడికి పోరు. పశువులను పెంచు రైతు నొద్దకే పోవుదురు. పోయి అడుగని ప్రశ్న లేదు. ఈ పశువు ఎక్కడ పుట్టినది? పచ్చిక మేసి పెరిగినదా, ధాన్యము తిని పెరిగినదా? దానికి ఏ మందులు వేసితిరి? ఏ కబేళాకు పంపుదురు? అచ్చట దానిని ఎట్లు వధింతురు? ఈ ప్రశ్నలన్నిటికిని సమాధానము దొరికిన పిమ్మటనే సొమ్ము చెల్లింతురు.

అడుగక తినుమని అపొస్తలుడు చెప్పగా, అడిగిగాని తినమని వీరనుచున్నారు. ఇది మనస్సాక్షి ఎదుగుదలయా, లేక పౌలు విడిపించిన కాడినే మరల మెడమీద వేసికొనుటయా? విశ్వాసి తన భోజనమును గూర్చి ఎంతవరకు విచారింపవలెను? ప్రశ్న మాంసముతో మొదలైనను మాంసముతో ముగియదు. బియ్యము, బట్ట, బంగారము, ఏది కొనినను ఈ ప్రశ్నయే వెంట వచ్చును.

ముందుగా ఆ కొనుగోలు ఎట్లు జరుగునో తెలిసికొనుట మంచిది. కొనువాడు కిలో మాంసమును కాదు, ప్రాణముతోనున్న పశువులో ఒక భాగమును కొనును. పూర్తి పశువును గాని, సగమును గాని, పాతికను గాని మాటలాడుకొనును. సుమారు 590 కిలోల బరువుగల, విత్తులు కొట్టిన కోడెను వధించి, తల, చర్మము, ప్రేగులు తీసివేసి వ్రేలాడదీసినప్పుడు దాని కళేబరము సుమారు 360 కిలోలు తూగును. పెక్కుచోట్ల రైతు ధర కట్టునది ఈ బరువునకే. దానిని చల్లని గదిలో పది, పదునాలుగు దినములు వ్రేలాడనిచ్చి, పిమ్మట ముక్కలుగా కోసి, కీమా చేసి, పొట్లములు కట్టుదురు. నీరు ఆవిరియై, ఎముకలును అధికమైన క్రొవ్వును పోగా, ఇంటికి చేరునది సుమారు 225 కిలోలు. సగము కొనిన కుటుంబమునకు 110 కిలోలకు పైగా వచ్చును. కోసి కట్టినందుకు కబేళావానికి కూలి వేరుగా చెల్లింపవలెను. ఆ మాంసము పట్టుటకు సుమారు 8 ఘనపుటడుగుల ఫ్రీజరు కావలెను. ముక్కలు అందులో సంవత్సరము వరకు రుచి చెడక నిలుచును; కీమా మూడు నాలుగు మాసములు నిలుచును.

ఈ వ్యాపారమునకు ఆ దేశపు చట్టములో ఒక విశేషమైన స్థానము కలదు. అంగడిలో అమ్మబడు మాంసమునకు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి. అయితే ఒకడు తన సొంత పశువును తన యింటి వాడుకకై కోయించుకొనినయెడల, ప్రతి కళేబరమును అధికారి పరీక్షింపవలెనన్న నియమమునుండి చట్టము మినహాయింపు నిచ్చుచున్నది. అందువలననే కొనువాడు పశువు ప్రాణముతో నుండగానే అందులో భాగస్వామి యగును. అట్టి మాంసమును యజమానుడును, అతని ఇంటివారును, సొమ్ము చెల్లింపని అతిథులును, అతని పనివారును మాత్రమే తినవలెను. పొట్లములమీద ‘అమ్మకమునకు కాదు’ అను ముద్ర యుండవలెను.

ఇట్లు కొనుటకు కారణములనేకములు. మొత్తముగా కొనినప్పుడు మంచి ముక్కలు చవుకగా పడును. రైతునకు దళారుల బెడద తగ్గును. ఆ దేశములో ధాన్యముతో మేపిన పశువుల వధలో నూటికి 80 పాళ్లకు పైగా నాలుగు పెద్ద కంపెనీల చేతులలో నున్నది గనుక, చిన్న రైతు నొద్ద కొనుట న్యాయమని తలంచువారు కలరు. 2020వ సంవత్సరము వసంతకాలములో కోవిడ్ వ్యాధి పెద్ద కబేళాలలో వ్యాపించి అనేకము మూతపడినప్పుడు, అంగళ్లలో మాంసము కరవై, జనులు రైతుల యిండ్లకు పరుగిడిరి. చిన్న కబేళాలలో వరుస నెలల తరబడి నిండిపోయెను. ఫ్రీజర్లు దొరకుటయే కష్టమాయెను. అప్పుడు అలవాటు పడినవారు కొందరు నేటికిని ఆ దారినే కొనుచున్నారు.

పశువులు విస్తారముగా పెరుగు ఆ మధ్య రాష్ట్రములలో ఉద్యోగములు చేయుచు స్థిరపడిన తెలుగు కుటుంబములును కలవు. అట్టి క్రైస్తవ కుటుంబము నొకదానిని ఊహించుకొనవచ్చును. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పొరుగు కుటుంబముతో కలిసి ఒక కోడెను కొనిరి. నల్లగొండ జిల్లానుండి తల్లి చూడవచ్చెను. కుమారుడు ఆమెను క్రింది గదిలోనికి తీసికొనిపోయి, ఫ్రీజరు మూత తెరచి, ఆ పశువు చరిత్రమంతయు వినిపించెను. ఏ జాతి, ఏ పచ్చిక, రైతు ఎంత మంచివాడు, కబేళా ఎంత శుభ్రమైనది, అన్నియు చెప్పెను. తల్లి శ్రద్ధగా వినెను. పిమ్మట ఒక్క మాట అడిగెను.

“ఇంతకూ ఎన్ని పోగులు వేసినారు కొడుకా?”

“రెండే అమ్మా. సగము వాళ్లకు, సగము మనకు.”

“ఇంట్లో మీరు నలుగురే గదా. ఇంత కూర ఎవరికొరకు బిడ్డా?”

రైతు నడిగిన ప్రశ్నలన్నిటికిని అతని యొద్ద సమాధానము ఉండెను. తల్లి అడిగిన ఈ ప్రశ్న రైతు నడుగదగినది కాదు. తన్ను తానే అడుగుకొనదగినది.

తెలుగు పల్లెలలో పోగులనగా ఏమో ఎరుగనివారు అరుదు. పండుగకో పబ్బమునకో నలుగురు కలిసి యొక మేకనో పొట్టేలునో కోయించి, మెత్తని మాంసము, ఎముక, కార్జము అన్నిటిని సమముగా కలిపి ఆకులమీద కుప్పలు పెట్టుదురు. అవే పోగులు. మంచి ముక్క ఒకనికి, ఎముక యొకనికి పోరాదు. సొమ్ము పెట్టినవానికి పోగు. మనసున్న పల్లెలో కాలు విరిగి మంచమున పడిన వానికిని ఒక పోగు ఉండును. పశువుయొక్క పుట్టుపూర్వోత్తరములు అందరికి తెలిసినవే గనుక వాటిని గూర్చి ఎవడును అడుగడు. ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అనునదే అచ్చటి విచారణ. ఆ తల్లి ప్రశ్నను చేతబట్టుకొని పౌలు పత్రికను తిరిగి చదివినయెడల, అపొస్తలుని భావము స్పష్టపడును.

కొరింథులో మాంసపు అంగడి యుండినట్లు అచ్చట దొరికిన లతీను శాసనపు తునకలు తెలుపుచున్నవి. పౌలు ఆ అంగడిని ‘మాకెల్లోన్’ అనెను. గుడులలో బలియైన పశువుల మాంసములో కొంత అచ్చటికి అమ్మకమునకు వచ్చుచుండెను. విశ్వాసులలో కొందరు, ఆ మాంసము తమ్మును అపవిత్రపరచునేమో అను భయముతో, ముక్క ముక్కకు జన్మవృత్తాంతము అడుగుచుండిరి. వారు అడుగునది పశువు కొరకు కాదు, కటికవాని కొరకు కాదు, పొరుగువాని కొరకు అంతకన్న కాదు. తమ పవిత్రత తమకు దక్కుటకే. ఆ విచారణనే పౌలు మాన్పెను.

ఇచ్చట ఆయన వాడిన గ్రీకు క్రియ ‘అనక్రినో’. న్యాయస్థానములో విచారణ జరుపుటకును వాడబడు మాట యిది. లూకా 23వ అధ్యాయములో పిలాతు జరిపిన విచారణకును ఈ మాటయే యున్నది. అయితే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో బెరయవారు లేఖనములను పరిశోధించిరని మెప్పు పొందిన సందర్భములోను ఇదే క్రియ కానవచ్చును. ఒకే క్రియ ఒకచోట వారింపబడి, మరియొకచోట మెచ్చుకొనబడుచున్నది. కాబట్టి అడుగుట తనంతట తాను పాపమును కాదు, పుణ్యమును కాదు. ఎవరి నిమిత్తము అడుగుచున్నాడు అనుదానిని బట్టియే దాని విలువ తేలును.

పౌలు 25వ వచనముతో ఆగిపోలేదు. అన్యుని యింట భోజనమునకు కూర్చుండినప్పుడు, ఇది బలి అర్పింపబడిన మాంసమని ఎవడైన తెలియజేసినయెడల, తినవద్దని 28వ వచనములో చెప్పెను. కారణమేమి? తినువాని మనస్సాక్షి కాదు, తెలిపినవాని మనస్సాక్షి. తన కొరకైన విచారణను వద్దనిన అపొస్తలుడు, ఎదుటివాని కొరకైన విచారణను ఆజ్ఞాపించెను. అడుగకుమను మాటయు, ఆగుమను మాటయు ఒకే ప్రేమనుండి వచ్చినవి.

తన పవిత్రత కొరకు అడుగువాడు ఎంత అడిగినను పొరుగువానిని చూడలేడనుటకు అమెరికా చరిత్రలోనే బలమైన సాక్ష్యమున్నది. 1906లో అప్టన్ సింక్లేర్ అను రచయిత ‘ది జంగిల్’ అను నవలను ప్రకటించెను. చికాగో నగరపు కబేళాలలో పనిచేయు లిథువేనియా వలసకూలీల దుర్గతిని లోకమునకు చూపవలెనని అతని సంకల్పము. గాయములు, రోగములు, చాలీచాలని కూలి, ఇండ్లు పోగొట్టుకొనుట, పిల్లల మరణము, వీటిని అతడు వర్ణించెను. మాంసము ఎంత మురికిగా తయారగునో కొన్ని పుటలలో చెప్పెను. చదివిన జనులు గగ్గోలు పెట్టిరి. కాని వారిని కదిలించినది కూలివాని చేయి కాదు, తమ పళ్లెములోని మాంసము. అదే సంవత్సరము జూన్ 30వ తేదీన మాంసపు తనిఖీ చట్టము ఆమోదింపబడెను. మాంసమును పరీక్షించుటకు అధికారులు నియమింపబడిరి. అది మంచిదే, దానివలన అనేకుల ఆరోగ్యము కాపాడబడెను. అయితే ఏ కూలివాని నిమిత్తము ఆ పుస్తకము వ్రాయబడెనో, వానికి ఆ చట్టములో చోటు లేదు. దేశమంతయు ఒక్కసారిగా విచారణ చేసెను. తన కడుపు నిమిత్తమే చేసెను.

నూట పదునాలుగు సంవత్సరముల పిమ్మట, 2020లో, అదే ప్రశ్న మరల లేచెను. వ్యాధి వ్యాపించుచున్నను కబేళాలు తెరచియుండవలెనని ఏప్రిల్ 28వ తేదీన ఆ దేశాధ్యక్షుడు ఉత్తరువు నిచ్చెను. భుజము భుజము తాకునట్లు నిలిచి కోతపని చేయు కూలీలలో వలస వచ్చినవారును శరణార్థులును అనేకులు. ఐదు పెద్ద కంపెనీలలోనే మొదటి సంవత్సరములో కనీసము 59,000 మంది పనివారికి వ్యాధి సోకెననియు, కనీసము 269 మంది మరణించిరనియు ఆ దేశపు ప్రతినిధుల సభకు చెందిన ఉపసంఘము 2021 అక్టోబరులో వెల్లడించెను. ఆ దినములలో రైతు నొద్దకు పోయి ఫ్రీజరు నింపుకొనిన కుటుంబము ఏ తప్పును చేయలేదు. అయితే మా యింటికి కొరత రాదు, మా మాంసము శుభ్రమైనది అను తృప్తితో దాని విచారణ ముగిసినయెడల, అది 1906లో జరిగిన విచారణయే. పెద్ద కబేళాకు వీపు త్రిప్పుట వేరు. అందులో నిలిచిన మనుష్యుని తట్టు ముఖము త్రిప్పుట వేరు.

అయినను నేరుగా రైతు నొద్ద కొనుటలో నిజమైన మేలు ఒకటి కలదు, దానిని కాదనరాదు. చూడని దానిని చూచునట్లు అది చేయును. అంగడిలో పొట్లము కొనువానికి పశువు కనబడదు. రైతు కంచె యొద్ద నిలిచినవానికి పశువు ముఖము కనబడును. దాని చెవికి తగిలించిన సంఖ్య కనబడును. రెండేండ్లయినను నిండునో నిండదో, అది తన యింటి భోజనమగును. వధకు ముందు పశువునకు స్మృతి తప్పింపవలెనను నియమము ఆ దేశములో 1958లో చట్టమై 1978లో విస్తరింపబడినది. ఆ నియమము తాను కొనిన పశువు విషయములో ఎట్లు నెరవేరుచున్నదో అడుగుట అతనికి సాధ్యమగును. జలప్రళయము తరువాత ఆదికాండము 9వ అధ్యాయములో మాంసాహారమునకు సెలవిచ్చిన దేవుడు, ఆ సెలవుతోపాటే రక్తమును గూర్చిన హద్దును పెట్టెను. ప్రాణము దేవునిదే, తినుటకు సెలవు పొందినవాడు ప్రాణమునకు యజమానుడు కాలేదు. నీతిమంతుని దయ పశువునకును అందునని సామెతలు 12వ అధ్యాయము బోధించుచున్నది. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము విధించుచున్నది. ఈ లేఖనములను అంగడి పొట్లముకంటె రైతు కంచె స్పష్టముగా జ్ఞాపకము చేయును.

అయితే చూచుటతో బాధ్యత తీరదు. అది చూచుటతోనే మొదలగును. మనస్సాక్షి అను మాటకు గ్రీకు మూలము ‘సునెయిదేసిస్’. కలిసి తెలిసికొనుట అని దాని అవయవార్థము. తెలుగు మాట అంతకంటె సూటిగా పలుకుచున్నది. సాక్షి యను పదములో అక్షి, అనగా కన్ను, ఉన్నది. కన్నులార చూచినవాడే సాక్షి. చూచియో తెలిసియో యుండి, సాక్ష్యమునకు పిలువబడినప్పుడు పలుకనివాడు దోషశిక్షను భరించునని లేవీయకాండము 5వ అధ్యాయము మొదటి వచనము చెప్పుచున్నది. రైతు అప్పులను చూచినవాడు, చిన్న కబేళాలో కత్తిపట్టిన వాని అలసటను చూచినవాడు, పశువు బెదరుటను చూచినవాడు, ఇక చూడనివానివలె తినలేడు. తెలివి అతనిని నిర్దోషిగా చేయలేదు, సాక్షిగా చేసినది. ఈ పత్రిక 4వ అధ్యాయములో పౌలు తన్ను గూర్చియే చెప్పిన మాట ఇచ్చట తలంపదగినది. తన మనస్సు తనమీద ఏ నేరమును మోపుటలేదనియు, అయినను అది తనకు నీతి కానేరదనియు, తీర్పు తీర్చువాడు ప్రభువేననియు ఆయన ఒప్పుకొనెను. శుభ్రమైన మాంసముచేత శుభ్రమైన మనస్సాక్షిని కొనగలనని తలంచువాడు ఈ మాట యొద్ద ఆగి ఆలోచింపవలెను.

ఇక ఫ్రీజరు మాట. పూర్వకాలపు మనుష్యునికి లేని బలము ఇది. ఎద్దు వంటి పెద్ద పశువును కోసిన కుటుంబము ఆ మాంసమును తానే తిని ముగింపలేదు. ఉప్పు పట్టించి, తునకలుగా కోసి, దండెములమీద ఎండబెట్టి కొంత దాచుకొనెడివారు, తక్కినది పంచవలసినదే. సమాధానబలి నియమములో ఈ సంగతి మరింత స్పష్టము. లేవీయకాండము 7వ అధ్యాయము ప్రకారము కృతజ్ఞతార్పణ మాంసమును ఆ దినముననే తినవలెను. మ్రొక్కుబడియైనను స్వేచ్ఛార్పణయైనను మరునాటివరకు తినవచ్చును. మూడవ దినమున మిగిలినది అగ్నిపాలు. ఒక యింటివారు ఒక్క దినములో ఎద్దు నెట్లు తినగలరు? కుమారులు, కుమార్తెలు, దాసులు, లేవీయుడు, అందరును కూడివచ్చి దేవుని సన్నిధిని సంతోషింపవలెనని ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయము చెప్పుచున్నది. పౌలు కాలములో జీవించిన అలెక్సంద్రియ యూదు పండితుడు ఫిలో ఈ నియమమును వివరించుచు, బలిమాంసము కొట్లలో దాచదగినది కాదనియు, అది ఇక అర్పించినవాని సొత్తు కాదు గనుక అక్కరగలవారికి అందవలెననియు బోధించెను. పంచనియెడల మాంసము చెడును. అట్లు కాలమే మనుష్యునిచేత పంచించుచుండెను.

ఫ్రీజరు ఆ బలవంతమును తీసివేసినది. ఇప్పుడు పంచకున్నను చెడదు. మూత వేసి, సంవత్సరము పొడుగున తానొక్కడే తినవచ్చును. దాచుకొనుట పాపమని చెప్పరాదు. ఐగుప్తులో యోసేపు ఏడేండ్ల ధాన్యము కొట్లలో కూర్చెను. లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడును కొట్లలోనే కూర్చెను. కొట్లు ఒకటే, కూర్చినవారి మనస్సు వేరు. ఒకడు ఆకలిగొను దేశముల నిమిత్తము దాచెను. ఒకడు తన ప్రాణముతో తానే మాటలాడుకొనుచు దాచెను. ఆ ధనవంతుని మాటలలో వినువాడు మరియొకడు లేడు. పూర్వము కాలము చేయించిన పనిని ఇప్పుడు ప్రేమయే చేయవలెను. ప్రేమ చేయనియెడల దానిని చేయువాడు ఎవడును లేడు.

మరియొక అపాయము కలదు. ఒక్కసారి 110 కిలోల మాంసము కొనుటకు చేతిలో సొమ్ము కావలెను, ఫ్రీజరు కావలెను, దానిని పెట్టుకొన ఇల్లు కావలెను. వారపు కూలితో బ్రదుకువానికి ఇవేవియు లేవు; అతడు అంగడిలో చవుకగా దొరికిన పొట్లమునే కొనును. అతనిని చూచి, వీడు ఏమి తినుచున్నాడో వీనికే తెలియదని నేరుగా కొనువాడు తలంచినయెడల, కొరింథులో జరిగినదే తిరిగి జరుగుచున్నది. అచ్చటి తెలివిగలవారిని ఉద్దేశించియే, తెలివి మనుష్యుని పొంగించుననియు ప్రేమయే ఇతరులను కట్టి నిలబెట్టుననియు పౌలు 8వ అధ్యాయమును ఆరంభించెను. 11వ అధ్యాయములో ప్రభువు బల్ల యొద్దనే ఒకడు కడుపునిండ తినగా మరియొకడు ఆకలితో కూర్చుండుటను చూచి ఆయన దుఃఖించెను. మాంసము ఎంత పవిత్రమైనదైనను, ప్రక్కవానిని సిగ్గుపరచిన భోజనము ప్రభువు భోజనము కానేరదు.

భారతదేశములో అనేక రాష్ట్రములందు గోవధను నిషేధించు చట్టములు కలవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని చట్టము 1977 నాటిది. గనుక ఆ దేశపు కొనుగోలు పద్ధతి ఇచ్చటి చదువరులకు అనుసరింపదగిన మాదిరిగా చెప్పబడుటలేదు. తెలుగు సంఘములలో తరతరములుగా ఆ మాంసము తినుచు, దానినిబట్టియే అవమానము పొందిన కుటుంబములున్నవి. దానిని ఎన్నడును ముట్టని కుటుంబములును ఉన్నవి. ఉభయులును ఒకే రొట్టెలో పాలివారు. తినువాడు తిననివానిని తృణీకరింపరాదు. తిననివాడు తినువానిని తక్కువగా ఎంచరాదు. ఈ సంగతిని రోమా పత్రిక 14వ అధ్యాయము తేల్చియున్నది. దూరదేశమునకు పోయినను ఈ బాధ్యత వెంటనే యుండును. ఆ కుమారుని యింటికి తోటి ఉద్యోగియైన తెలుగువాడొకడు, గోవును పూజ్యముగా ఎంచువాడు, సకుటుంబముగా భోజనమునకు వచ్చెననుకొనవచ్చును. అప్పుడు ఆ ఫ్రీజరు మూత తెరువకుండుటయు, పప్పును కూరగాయలును వండుటయు, దేనిని దేనిలో కలిపితిమో దాపరికము లేక చెప్పుటయు పౌలు కోరిన విచారణయే. తన స్వాతంత్ర్యమును గూర్చి వాదించుటకు ఆ పూట తగిన వేళ కాదు.

కాబట్టి అంగడిలో అడుగక కొను బీదవాడును, రైతు నొద్ద అడిగి కొను గృహస్థుడును ఒకే న్యాయాధిపతి యెదుట నిలుచుచున్నారు. అడుగనివానిని పౌలు మాట కాపాడును. అడిగినవానికి ఆ సౌకర్యము లేదు. తెలిసినది అతనిచేత ఏదో యొకటి చేయింపవలెను. రైతునకు న్యాయమైన ధర చెల్లించుట, కబేళా కూలివాని పేరు తెలిసికొని పలుకరించుట, కోసిన పశువులో ఎముకయైనను వ్యర్థము కానీయకుండుట, పని స్థలములలో బలహీనుల పక్షమున మాటలాడుట, ఇవన్నియు ఆ విచారణకు ఫలములు. ఫలము లేని విచారణ ఉత్త ఆరా మాత్రమే.

పొట్లముమీది ముద్ర మరియొకసారి చూడదగినది. అది అమ్మకమునకు కాదు. చట్టము వ్రాసినవారు అనారోగ్యమును అరికట్టుటకై ఆ మాట వ్రాసిరి. కాని విశ్వాసి దానిని చదువునప్పుడు మరియొక అర్థము స్ఫురింపక మానదు. ఆ మాంసమును అమ్మరాదు. కాని బల్లమీద పెట్టవచ్చును. సొమ్ము చెల్లింపని అతిథికి పెట్టవచ్చునని చట్టమే సెలవిచ్చుచున్నది. సొమ్మిచ్చి కొననక్కరలేని అన్నమును పానమును గూర్చి యెషయా ప్రవక్త 55వ అధ్యాయములో ఆకలిదప్పులు గలవారిని పిలిచిన పిలుపు ఆ ముద్రలో వినబడును. సొమ్ము తీసికొనక తన్ను తాను విరిచి యిచ్చిన ప్రభువు బల్ల యొద్ద కూర్చుండిన కుటుంబమునకు, తన బల్ల యొద్ద ఎవరిని కూర్చుండబెట్టవలెనో వేరుగా నేర్పనక్కరలేదు.

ఆ తల్లి తిరిగి తన ఊరికి పోవుటకు ముందటి ఆదివారము, ఊహలోని ఆ యింటిలో ఫ్రీజరు మూత తెరువబడినదనుకొనవచ్చును. ఆ ఊరిలో ఒంటరిగానున్న ముసలివారు, చదువునకై వచ్చి వండుకొనుట చేతగాని విద్యార్థులు, రాత్రిపూట పనిచేసి వచ్చిన యొక కూలి కుటుంబము, తినువారందరును బల్లచుట్టు కూర్చుండిరి. పశువు ఏ జాతిదో ఆ పూట ఎవరును అడుగలేదు. కృతజ్ఞతాస్తుతులు చెల్లింపబడెను. వడ్డించుచున్న కుమారుని వైపు చూచి తల్లి, “ఇప్పుడు సరిగ్గా పోగులు పడ్డవి బిడ్డా” అనెను.